ఇద్దరికీ ఒకే పిన్ని

గవర్రాజుది పద్మనాభం మండలంలో ఒక చిన్న ఊరు. నలుగురు అన్నదమ్ముల్లో మూడోవాడు. తండ్రికున్న వరి పొలాన్ని నలుగురికీ పంచితే గట్లు తప్ప మిగిలేదేమీ లేదని చిన్నప్పుడే అర్థం చేసుకున్నాడు. పదో తరగతి గట్టెక్కి, విశాఖపట్నంలో ఐటీఐ ఫిట్టర్ కోర్సు చేసి, పంతొమ్మిది వందల తొంభైలో ఉక్కు ఫ్యాక్టరీలో చేరాడు. బొగ్గుని కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర షిఫ్టు పని. ఒళ్ళు కాలిపోయే వేడి, ముక్కుల్లో నల్లటి మసి. అయినా వాళ్ళ ఊరినుంచి ఫ్యాక్టరీ ఉద్యోగం సంపాదించిన మొదటివాడు అతనే. పెళ్ళిళ్ళకి వెళితే పెద్దవాళ్ళు పక్కకి జరిగి కుర్చీ చూపించేవారు. ఆ కుర్చీ అంటే గవర్రాజుకి ప్రాణం.

మనిషి చెడ్డవాడు కాదు. తాగడు, చెయ్యి చేసుకోడు, ఎవరికైనా కష్టమొస్తే ముందుండేవాడు. ఒక్కటే జబ్బు. ఎదుటివాడి చేతిలో ఏదైనా కనిపిస్తే వెంటనే తన చెయ్యి చూసుకుంటాడు. అన్నకి కొత్త చొక్కా కుట్టిస్తే అప్పటిదాకా బాగున్న తన చొక్కా ఆ క్షణానే పాతబడిపోయేది. తోటి షిఫ్టువాడికి పెద్ద క్వార్టరు వస్తే తన ఇంట్లో గాలి ఆడనట్టుండేది. ఈ సంగతి అతను ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకునేది కాదు కదా.

చిలకమ్మని చేసుకున్నది తొంభై ఒకటిలో. ఆమెది సింహాచలం దగ్గర పల్లె. ఇంటర్ పాసై, పై చదువుకి పంపేవాళ్ళు లేక ఆగిపోయింది. ఇద్దరూ ఉక్కునగరంలో కంపెనీ క్వార్టర్లో కాపురం పెట్టారు. మొదటి నాలుగేళ్ళు బాగానే గడిచాయి. సాయిదుర్గ పుట్టింది. చిలకమ్మ ఏది అడగాలన్నా, ఎక్కడికి వెళ్ళాలన్నా భర్త వైపు చూసేది. గవర్రాజుకి ఇంట్లోనూ ఒక కుర్చీ దొరికినట్టయింది.

తొంభై అయిదులో ఫ్యాక్టరీలో ఒక మాట బయల్దేరింది. డిగ్రీ ఉన్నవాళ్ళకి ఆఫీసు పనులు ఇస్తారు, పగటి షిఫ్టే ఉంటుంది, వేడి దగ్గర నిలబడక్కర్లేదు అని. అది ఎంత నిజమో ఎవరికీ తెలియదు గానీ చాలామంది దూరవిద్యలో బీఏ కట్టారు. గవర్రాజు కూడా అర్హత పరీక్ష రాసి పాసయ్యాడు. అప్పుడు తనంతట తానే చిలకమ్మతో అన్నాడు.

“నువ్వూ కట్టీయే. ఇద్దరం కలిసి సదివితే నాకూ ఊపొస్తాది. ఒక్కడినే కూకుంటే నిద్రొచ్చీసేలాగుంది.”

“నాకెందుకయ్యా ఇప్పుడు సదువులు?” అంది చిలకమ్మ. అంది గానీ ఆ సాయంత్రమే ట్రంకుపెట్టెలోంచి ఇంటర్ సర్టిఫికెట్టు తీసి దుమ్ము తుడిచింది.

రెండు దరఖాస్తులూ ఒకేసారి ఇచ్చారు. హాల్ టికెట్ నంబర్లు పక్కపక్కనే పడ్డాయి.

ఆదివారాల్లో గాజువాకలో క్లాసులు జరిగేవి. అర్థశాస్త్రం చెప్పే శ్రీరామ్మూర్తి మాస్టారు ముసలాయన, కాలేజీలో రిటైరయ్యి ఇక్కడ చెబుతున్నాడు. ఎవరికైనా అర్థం కాకపోతే నొచ్చుకునేవాడు, అర్థమైతే చిన్నపిల్లాడిలా సంబరపడేవాడు. రెండో నెల తిరక్కుండానే ఆయన సంబరమంతా చిలకమ్మ మీదికి మళ్ళింది. ఆమె ప్రశ్నలు అడిగేది. చెప్పిన దాన్ని తిరగేసి తన మాటల్లో చెప్పేది. “చిలకమ్మగారూ, మీరు చెప్పండి” అని మాస్టారు అనేవాడు. గవర్రాజుని మాత్రం “ఏవయ్యా ఫ్యాక్టరీ, నిద్రపోతున్నావా?” అని పలకరించేవాడు. రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాడు కునుకు తీయక ఏం చేస్తాడు? క్లాసంతా నవ్వేది. చిలకమ్మ నవ్వేది కాదు, తల దించుకునేది. ఆమె నవ్వినా అంత మండేది కాదేమో.

మొదటి ఏడాది ఫలితాలు వచ్చాయి. గవర్రాజు అన్నీ పాసయ్యాడు. తనంతట తాను చదివి, షిఫ్టుల మధ్య కిందా మీదా పడి పాసయ్యాడు. మామూలుగా అయితే ఫ్యాక్టరీలో స్వీట్లు పంచేవాడే. కానీ చిలకమ్మకి ప్రతి పేపర్లోనూ అతనికన్నా ఇరవై, పాతిక మార్కులు ఎక్కువొచ్చాయి. స్వీట్ల మాట ఎత్తలేదు.

“మీ ఆవిడ క్లాసు కొట్టీసిందట కదా బావా!” అన్నాడు షిఫ్టులో తోడుండే సూరన్న.

“ఇంట్లో కూకున్నోలకి టైముంటది బావా. మనకేటుంటది?” అన్నాడు గవర్రాజు.

ఇంట్లో కూర్చోవడం అంటే ఏమిటో అతనికి తెలియక కాదు. నీళ్ళు వచ్చే వేళకి లేచి, వంట చేసి, పిల్లని ముస్తాబు చేసి, అతని షిఫ్టు డ్రెస్సులోని మసి వదలగొట్టి, ఆ తర్వాత ఆమె పుస్తకం పట్టేది. తెలుసు. తెలిసి కూడా ఆ మాట అన్నాక అతనికి కొంచెం హాయిగా అనిపించింది.

రెండో ఏడాది అది ముదిరింది. ఆమె పుస్తకం పడితే అతనికి టీ తాగాలనిపించేది. ఆమె రాసుకుంటుంటే టీవీ సౌండు పెంచాలనిపించేది. పొరుగింటివాళ్ళు పిల్లల లెక్కలు చెప్పమని చిలకమ్మ దగ్గరికి వస్తే, గుమ్మంలో చెప్పుల జతలు చూసి మూతి ముడుచుకునేవాడు. పరీక్షలు ఇంకో వారంలో ఉన్నాయనగా ఊరినుంచి అన్నా వదినల్ని పిల్లలతో సహా పిలుచుకొచ్చాడు. చిలకమ్మ వాళ్ళందరికీ వండి పెట్టి, అందరూ పడుకున్నాక వంటింట్లో కూర్చుని చదువుకుంది. ఆ వారమంతా తనూ చదవలేదన్న సంగతి గవర్రాజుకి పరీక్ష హాల్లో కూర్చున్నాక గుర్తొచ్చింది.

అది తొంభై ఏడు వేసవి. అర్థశాస్త్రం పేపరు. చిలకమ్మ ముందు బల్ల మీద, గవర్రాజు దాని వెనక బల్ల మీద, కాస్త కుడి పక్కకి. ప్రశ్నాపత్రం చూస్తే పాస్ మార్కులకి సరిపడా ఏదీ రావడం లేదు. డిమాండ్ వ్యాకోచత్వం గురించి రాయమని పెద్ద ప్రశ్న. ధర మారితే కొనడం ఎంత మారుతుందన్నదే దాని సంగతి, అంతవరకు తెలుసు. ఆ తర్వాత ఏం రాయాలో తోచలేదు. చెమటలు పట్టాయి. ముందు చిలకమ్మ కలం ఆగకుండా పరిగెడుతోంది. ఆమెవి గుండ్రటి పెద్ద అక్షరాలు. రాసేసిన కాగితం బల్ల కుడి అంచున పెట్టి ఉంది. గవర్రాజు కొంచెం ముందుకి వంగాడు. ఒక్క వాక్యం అనుకున్నాడు. ఒక్క వాక్యం ఒక పేజీ అయింది, పేజీ రెండయింది. మాట మాటకీ అర్థం చూసుకునే తీరిక లేదు. కంటికి కనిపించింది చేతికి దిగిపోయింది.

ఫలితాలు పేపర్లో వచ్చిన రోజు ఇద్దరి నంబర్లూ లేవు. తప్పిన వాళ్ళలో వేశారనుకుని గవర్రాజు యూనివర్సిటీకి వెళితే, ఫలితం ఆపి ఉంచారని చెప్పారు. వారం తర్వాత ఇద్దరికీ విడివిడిగా నోటీసులు వచ్చాయి. పేపర్లు దిద్దినాయన చేతికి రెండు జవాబు పత్రాలూ ఒకదాని వెనక ఒకటి వచ్చాయట. ఒక జవాబు పూర్తిగా ఒకేలా ఉందని పైకి రాశాడు. కాపీ జరిగిందని అనుమానిస్తున్నాం, మీ సంజాయిషీ రాతపూర్వకంగా ఇవ్వండి, ఫలానా రోజు విచారణ కమిటీ ముందుకి రండి అని ఆ నోటీసులో ఉంది.

చిలకమ్మ నోటీసు రెండు సార్లు చదివి మడత పెట్టింది. భర్త మొహంలోకి చూసింది. అతను గోడకున్న క్యాలెండరు వైపు చూశాడు.

“ఇద్దరం ఒకే నోట్సు సదివినాం, అందుకే ఒకలాగుంది అని రాసిద్దుము” అన్నాడు.

“సదివింది ఒకే నోట్సే కదా” అంది చిలకమ్మ. ఆ మాటలో అవునన్నది లేదు, కాదన్నదీ లేదు.

అదే రాసిచ్చారు. ఆమె ఇంకేమీ అడగకపోవడం చూసి ఆమెకేమీ తెలియదని అతను ధైర్యం తెచ్చుకున్నాడు.

విచారణ రోజున చిలకమ్మని బయట బెంచీ మీద కూర్చోబెట్టి ముందు గవర్రాజుని పిలిచారు. పొడుగాటి బల్ల వెనక ముగ్గురున్నారు. మధ్యలో అధ్యక్షుడు, తెల్ల జుట్టాయన. ఒక పక్క పరీక్షల విభాగం అధికారి. ఇంకో పక్క నడివయసు మేడం ఒకావిడ రెండు జవాబు పత్రాలూ ముందేసుకుని చదువుతోంది. ఎవరూ గద్దించలేదు. కూర్చోమన్నారు, మంచినీళ్ళు ఇచ్చారు.

“చూడండి, నోట్సు ఒకటే అయితే నిర్వచనాలు కలుస్తాయి, ఒప్పుకుంటాం. కొట్టివేతలు కూడా కలవవు కదా” అన్నాడు అధ్యక్షుడు. “ఇక్కడ ఆమె ఒక మాట రాసి కొట్టేసి పక్కన ఇంకో మాట రాసింది. మీ పేపర్లోనూ అదే చోట అదే మాట కొట్టేసి ఉంది. కాబట్టి ఒకరిది ఒకరు చూశారు. అది తేలిపోయింది. ఎవరిది ఎవరు చూశారన్నదే మా ప్రశ్న.”

గవర్రాజు మంచినీళ్ళు తాగాడు.

ఆయన కాగితాలు చూసుకుని తనే అందుకున్నాడు. “మీరు ఉద్యోగస్తులు. ఆమె గృహిణి. ఆమె మీది చూసి రాసిందా?”

ఆ ప్రశ్నలో మోసమేమీ లేదు. ఆయన అలా అనుకున్నాడు, అలా అడిగాడు. కానీ గవర్రాజుకి అది చెవిలో తేనె పోసినట్టుంది. రెండేళ్ళుగా ఎవరూ అనని మాట అది. చిలకమ్మకి వచ్చింది అతని దగ్గరినుంచి వచ్చిందేమోనని ఒక పెద్దమనిషి, చదువుకున్నాయన, అనుకుంటున్నాడు. భయం సంగతి తర్వాత, ముందు ఆ తీపి ఒళ్ళంతా పాకింది.

“అవున్సార్” అన్నాడు.

“ఆవిడ కూర్చున్నది ముందు బల్ల కదండీ?” అంది మేడం తల ఎత్తకుండానే.

“ఎనక్కి తిరిగి సూసింది మేడం.”

“రెండు పేజీలూ?”

“అవున్మేడం.”

అధికారి అతని మాటలు రాసుకున్నాడు. మేడం ఇంకో పేజీ తిప్పి, కళ్ళజోడు సర్దుకుని చదవడం మొదలుపెట్టింది. “‘మా పిన్ని గురువమ్మ సింహాచలం కొండ కింద సంపెంగ పూలు అమ్ముతుంది. మామూలు రోజుల్లో ధర కాస్త పెంచితే ఎవరూ కొనరు. చందనోత్సవం నాడు రెట్టింపు చెప్పినా బుట్ట ఖాళీ అవుతుంది. సరుకు అదే, అవసరం మారింది.’ ఉదాహరణ చాలా బాగుంది. ఇది మీ సొంతమేనా?”

“సొంతమే మేడం.”

“ఈ గురువమ్మగారు మీకు ఏమవుతుంది?”

అంతవరకు తను ఆ పేరు రాశానన్న సంగతే గవర్రాజుకి గుర్తు లేదు. అయినా తడబడలేదు. గురువమ్మ ఎవరో తెలుసు కదా. “మా ఆవిడకి పిన్నండి. ఆళ్ళమ్మ సెల్లెలు.”

“మీ ఆవిడకి పిన్ని అయితే మీకు?”

“అత్తండి.”

అన్నాక అర్థమైంది. మేడం అతని పేపరు ఇటు తిప్పి వేలు పెట్టి చూపించింది. అతని చేతిరాతతో, ఫిట్టర్ చేతుల మొరటు అక్షరాలతో, ‘మా పిన్ని గురువమ్మ’ అని ఉంది.

“ఇద్దరికీ ఒకే పిన్ని అయితే మీరిద్దరూ అన్నాచెల్లెళ్ళు కావాలి కదండీ” అంది మేడం. వెటకారంగా అనలేదు. కొంచెం విచారంగానే అంది. అధికారి మాత్రం నవ్వాపుకోలేక పక్కకి తిరిగి దగ్గాడు.

గవర్రాజు కళ్ళు బల్ల మీదనుంచి లేవలేదు. బయట కూర్చోమన్నారు. బయటికి వస్తూ చిలకమ్మ పక్కనుంచే నడిచాడు గానీ ఆమె వైపు చూడలేదు. ఆమె లోపలికి వెళ్ళింది.

అధ్యక్షుడు ముందుగా గవర్రాజు చెప్పింది చదివి వినిపించాడు. మీరు ఆయనది చూసి రాశారన్నారు, వెనక్కి తిరిగి చూశారన్నారు, మీరేమంటారు అని. చిలకమ్మ కొంగు భుజం మీదికి సర్దుకుంది. ఆమెకి కోపం వచ్చిందో, ఏడుపు వచ్చిందో వాళ్ళకి తెలియలేదు.

“నేను ఎవరిదీ చూడలేదండి” అంది, పుస్తకాల భాషలో, జాగ్రత్తగా.

“అది మాకు అర్థమైంది” అన్నాడు ఆయన. “మీకు తెలియకుండా ఆయన చూశారు. ఆ ముక్క రాసివ్వండి. మీ ఫలితం విడుదల చేసేస్తాం. మీ మీద ఏమీ ఉండదు.”

తెల్లకాగితం, కలం ఆమె ముందుకి జరిపారు. చిలకమ్మ కలం పట్టుకుంది. రాయలేదు. మళ్ళీ నోరు విప్పేసరికి పుస్తకాల భాష జారిపోయింది.

“నాకు తెలుసు సార్. ఆయన ఎనకనుంచి సూత్తన్నాడని నాకు తెలుసు. కాగితం నానే ఆ పక్కకి జరిపినాను.”

“ఎందుకమ్మా?” అంది మేడం.

“ఆయన తప్పిపోతే నన్ను ఇంట్లో ఉండనీడండి. కొట్టడు, తిట్టడు. మాటాడడు, అంతే. నాకొచ్చి ఆయనకి రాకపోతే ఆ మొకం నాను సూడలేనండి. ఆయన పాసైపోతే నన్ను సదువుకోనిత్తాడు కదా అనుకున్నాను.”

చూపించడం కూడా తప్పే అని, ఈ మాట రాసిస్తే ఆమె పేపరూ పోతుందని అధ్యక్షుడు వివరంగా చెప్పాడు. ఆలోచించుకోమని బయటికి పంపబోయాడు. అక్కర్లేదంది. రాసి సంతకం పెట్టింది.

ఆ తర్వాత ఇద్దర్నీ కలిపి పిలిచి ఎవరి వాంగ్మూలం ఏమిటో చదివి వినిపించారు. అది పద్ధతట. గవర్రాజు నిలబడే విన్నాడు. “ఆ మొకం నాను సూడలేనండి” అన్న చోట అతని చెవులు ఎర్రబడ్డాయి. తను దొరికిపోయినందుకు కాదు. రెండేళ్ళుగా ఎవరికీ తెలియదనుకుని లోపల దాచుకున్న కుళ్ళు ఆమెకి మొదటినుంచీ తెలుసు. తెలిసి, దానికి దారిచ్చి, పక్కకి తప్పుకుని నడుస్తోంది. ఆ జవాబు తను దొంగిలించిందీ కాదు. ఆమె పెట్టింది.

ఇద్దరూ స్కూటరు మీద గాజువాక దాటారు. ఉక్కునగరంలో తమ సెక్టారు మలుపులో గవర్రాజు బండి ఆపాడు.

“ఎవులు సూపించమన్నారే నిన్ను?” అన్నాడు, వెనక్కి తిరక్కుండా.

“ఎవులూ అనలేదు.”

“నాను నిన్ను అడిగినానా? జాలి పడమని అడిగినానా?”

“నా మీద ఏసీసినావు కదయ్యా” అంది చిలకమ్మ. “నాను సూసి రాసినానని సెప్పీసినావు. పేపరు పోతే పోనీ, ఇంకోపాలి రాసుకుంటాను. అదెలాగ నోరొచ్చింది నీకు?”

గవర్రాజు బండి స్టార్టు చేశాడు.

నెల తిరిగాక నిర్ణయం పోస్టులో వచ్చింది. గవర్రాజుకి ఆ ఏడాది పరీక్షలన్నీ రద్దు, మరుసటి ఏడాది రాయకూడదు. చిలకమ్మకి ఆ ఒక్క పేపరే రద్దు, మళ్ళీ రాసుకోవచ్చు. నిజం చెప్పినందున తగ్గించామని కింద ఒక వాక్యం ఉంది. గవర్రాజు ఆ వాక్యం దగ్గర ఆగిపోయాడు. నిజం చెప్పడంలోనూ ఆవిడే ముందు. అక్కడా తను వెనక బల్లే.

ఫ్యాక్టరీలో అడిగినవాళ్ళకి షిఫ్టులతో చదువు కుదరడం లేదని చెప్పాడు. సూరన్న నమ్మినట్టే తలూపాడు. పుస్తకాలు కట్టి అటక మీద పడేశాడు. చిలకమ్మ ఆ ఒక్క పేపరూ రాసి పాసైంది. మూడో ఏడాది పరీక్షలు మొదలైన ఉదయమే ఊళ్ళో నాట్లున్నాయని చెప్పి గవర్రాజు స్కూటరు తీసుకుని పద్మనాభం వెళ్ళిపోయాడు. నాట్లకి ఇంకా నెల ఉంది. అన్న ఆశ్చర్యపోయి, “ఏట్రా, ఇప్పుడొచ్చినావు?” అంటే, “ఊరికే” అన్నాడు. పొలం గట్టు మీద మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. పరీక్షకి వెళ్ళడానికి ఆమెకి బస్సు దొరక్కూడదని ఒకసారి, దొరికితే బాగుండునని ఒకసారి అనుకున్నాడు. రెండూ నిజంగానే అనుకున్నాడు. చిలకమ్మకి బస్సు దొరికింది.

తొంభై తొమ్మిదిలో ఆమె డిగ్రీ చేతికొచ్చింది. కూర్మన్నపాలెంలో ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేరింది. అంతవరకు సెక్టారులో ఆమెని గవర్రాజుగారి ఆవిడ అనేవారు. రెండేళ్ళు తిరిగేసరికి అతను టీచరుగారి ఆయన అయిపోయాడు. కూరగాయల బండివాడు కూడా అలాగే అనేవాడు. ఇంట్లో మాటలుండేవి. అన్నం పెట్టనా, పిల్లకి ఫీజు కట్టావా, గ్యాసు అయిపోయింది, ఇలాంటివి. చదువు మాట ఇద్దరూ ఎత్తేవారు కాదు. సాయిదుర్గ ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం కూడా చిలకమ్మే పెట్టేది.

రెండు వేల ఒకటిలో గురువమ్మ కాలు నొప్పికి డాక్టరుకి చూపించుకోవడానికి వచ్చి వాళ్ళింట్లో నాలుగు రోజులుంది. నోరు మంచిది, అదుపు తక్కువ. అన్నం తింటూ తింటూ గవర్రాజు వైపు తిరిగి పకపకా నవ్వింది.

“ఏటి అల్లుడూ, పరీచ్చలో నన్ను పిన్నిని సేసీసినావట? నా ఆడకూతుర్ని సెల్లిని సేసుకుంటావేటి?”

చిలకమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. గవర్రాజు మొహం నల్లబడింది. ఇంట్లో మాట చిలకమ్మ బయటపెట్టిందన్న కోపం గొంతుదాకా వచ్చింది. కానీ ఆ ముసలామె నవ్వు ఆగడం లేదు. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, “యూనివర్సిటీ కాయితంలో నా పేరు రెండు సార్లు పడిందంటే మాటలేటి! మా ఈదిలో ఎవులికి పడింది?” అంటోంది. ఆమె దృష్టిలో అందులో దొంగతనం లేదు, పరువు లేదు. తన పేరు రెండు సార్లు పడింది, అంతే.

గవర్రాజుకి ఏమైందో అతనికే తెలియలేదు. నవ్వొచ్చింది. ముందు ముక్కులోంచి, తర్వాత నోట్లోంచి. నవ్వుతుంటే పొలమారింది. చిలకమ్మ నీళ్ళ గ్లాసు అందించింది. ఆమె నవ్విందో లేదో చూడలేదు గానీ నాలుగేళ్ళలో మొదటిసారి ఆ సంగతి ఆ ఇంట్లో గాలి పీల్చుకుంది.

ఆ తర్వాతి నెలలోనే అతను ఎవరికీ చెప్పకుండా మళ్ళీ రిజిస్టరు చేయించుకున్నాడు. పరీక్ష కేంద్రం అనకాపల్లి పెట్టుకున్నాడు, తెలిసినవాళ్ళు ఉండరని. అటక మీది పుస్తకాలు దించితే చిలకమ్మకి తెలిసిపోతుందని పాత పుస్తకాలు వేరే కొనుక్కుని ఫ్యాక్టరీ లాకర్లో పెట్టుకున్నాడు. షిఫ్టు మధ్య విరామంలో చదివేవాడు. మొదటిసారి అర్థశాస్త్రం తప్పాడు. సూరన్నకి మాత్రం తెలుసు.

“టీచరుగారిని అడగరాదేటి బావా? ఇంట్లోనే ఉంది కదా” అన్నాడు సూరన్న.

“సచ్చినా అడగను” అన్నాడు గవర్రాజు.

మరుసటి ఏడాది మళ్ళీ రాశాడు. అనకాపల్లి హాల్లో అతని ముందు బల్ల కుర్రాడు బాగా చదివినవాడిలా ఉన్నాడు. రాసిన కాగితాలు బల్ల అంచున పెడుతున్నాడు. అక్షరాలు దూరానికి కూడా కనిపిస్తున్నాయి. గవర్రాజు మెడ ఒక్కసారి దానంతటదే సాగింది. వెంటనే తల దించుకుని, ఎడం చెయ్యి నుదుటికి గొడుగులా పెట్టుకుని కూర్చున్నాడు. మూడు గంటలూ ఆ చెయ్యి తియ్యలేదు. ఇన్విజిలేటర్ వచ్చి, “తలనొప్పా అండీ?” అని అడిగాడు. “అవున్సార్” అన్నాడు.

డిమాండ్ వ్యాకోచత్వం మళ్ళీ వచ్చింది. సంపెంగలు గుర్తొచ్చాయి. ఆ ఉదాహరణ ఎంత బాగుందో ఇప్పుడు, అర్థం తెలిశాక, ఇంకా బాగా తెలిసింది. తెలిసేసరికి పాత మంట మళ్ళీ లేచింది. అంత బాగా ఎలా తోచింది ఆవిడకి? కాసేపు కలం ఆపి కూర్చున్నాడు. తర్వాత రాశాడు. మా సెక్షన్లో ఖైనీ నమలనివాడు లేడు. దాని ధర ఎన్నిసార్లు పెరిగినా మానేసినవాడు ఒక్కడూ లేడు. టీ ధర పెంచితే మాత్రం క్యాంటీను ముందు గొడవ చేసి రెండు రోజులు టీ మానేశారు. కాబట్టి ఖైనీ డిమాండు అవ్యాకోచం, టీ డిమాండు వ్యాకోచం. రాసి, ఇంకోసారి చదువుకున్నాడు. పక్కనెవరూ లేకపోతే పైకి చదువుకునేవాడే.

రెండు వేల నాలుగులో డిగ్రీ పూర్తయింది. అర్థశాస్త్రంలో నలభై నాలుగు. ఆఫీసు పని మాట అప్పటికి ఫ్యాక్టరీలో ఎవరూ అనడం లేదు. గవర్రాజు కోక్ ఓవెన్ల దగ్గరే ఉన్నాడు.

మార్కుల పత్రం తెచ్చి భోజనాల వేళ చిలకమ్మ పళ్ళెం పక్కన పెట్టాడు. ఆమె చెయ్యి కడుక్కుని వచ్చి, తడి తుడుచుకుని, తీసి చదివింది. పేరు రెండోసారి చదివింది.

“ఎప్పుడు రాసినావయ్యా?”

“రాసినాన్లే.”

“నన్నడిగితే సెప్పనా?”

“అందుకే అడగలేదు.”

ఆమె అర్థం చేసుకున్నట్టు తలూపింది. అర్థశాస్త్రం దగ్గర వేలు ఆగింది. ఏం రాశావని అడిగింది. అతను చెప్పాడు. ఖైనీ సంగతి, టీ సంగతి, క్యాంటీను గొడవ సంగతి. చెబుతున్నకొద్దీ గొంతు పెరిగింది. చిలకమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

“ఇది నా సంపెంగ పువ్వుల కన్నా బాగుందయ్యా. రేపు మా పిల్లలకి ఇదే సెప్తాను. మా ఆయన సెప్పినాడని సెప్తాను.”

గవర్రాజు ఆమె మొహం వైపు చూశాడు. ఆ మాట అన్నప్పుడు ఎక్కడైనా, కంటి కొసనో పెదవి అంచునో, రవ్వంత కుళ్ళు కనిపిస్తుందేమోనని వెతికాడు. అంత బాగా ఎలా తోచింది ఇతనికి అన్న మంట, తను ఏళ్ళ తరబడి మోసినదాంట్లో ఆవగింజంత. ఎంత వెతికినా కనిపించలేదు. ఆమె నిజంగానే సంతోషపడుతోంది. ఆ సంగతి అతనికి కొంచెం కష్టంగానే అనిపించింది. అయినా ఆమె పళ్ళెంలో ఇంకో గరిటె పప్పు వేశాడు.